అవ్వగుట్ట మీద తోడికాళ్లు

నమోదు 1

యంత్రం తొడుక్కున్న ప్రతివాళ్లూ దాని నడవడి గురించి రోజూ రాయాలన్నది మా పెన్నేరు కేంద్రం నియమం. జమీలా మేడమ్ వారానికోసారి చదువుతారు. ఆవిడ ఈ కేంద్రానికి పెద్ద, డాక్టరు కూడా. "నాలుగు వాక్యాలు చాలు గ్రీష్మా, నవల వద్దు" అని ముందే చెప్పారు. (మేడమ్, నాలుగూ అయిపోయాయి. ఇక్కడి నుంచి మీరు చదవక్కర్లేదు.)

నా పేరు గ్రీష్మ. దక్షిణ ధ్రువం దగ్గర ఈ పేరుతో తిరగడం గురించి నవ్వుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మాది తాడిపత్రి. ఎండకు పగలు బళ్లు మూసేసి రాత్రిళ్లు నడిపే కాలంలో చదువుకున్నదాన్ని. ఇక్కడేమో వేసవంతా సూర్యుడు దిగనే దిగడు. అక్కడ దాచిపెట్టిన పగలంతా ఇక్కడ ఒకేసారి తీసి ఎదుట పోసినట్టుంది.

మూడేళ్ల కిందట గండికోట లోయలో కొండ ఎక్కుతుంటే పట్టుకున్న రాయి ఊడి చేతిలోకొచ్చింది. వెన్నుపాము దెబ్బతింది. బొడ్డు కింది నుంచి నాకు కబుర్లు అందవు. కాళ్లు ఉన్నాయి, క్షేమంగానే ఉన్నాయి, ఉత్తరం మాత్రం రాయవు.

అందుకని ఇంకో జత. నడుము నుంచి మడమ దాకా బిగించుకునే నడకయంత్రం ఇది. కాగితాల మీద దాని పేరు రైలంత పొడుగు. నేను తోడికాళ్లు అన్నాను, అదే నిలిచింది. తోడికోడళ్లకు మల్లే వీటికీ ఒకదానితో ఒకదానికి పడదు. కుడిది ముందుకేస్తే ఎడమది కాసేపు అలిగి తర్వాత వేస్తుంది. నేను కట్టుకునే నడుం పట్టీ ద్వారా నా నడుము ఒరిగే తీరు, భుజం ఊగే తీరు చూసి ఇవి నేర్చుకుంటాయి. చుట్టూ ఉన్న మనుషులు ఎప్పుడు కదిలితే ఎప్పుడు ఆగితే అదీ చూసి నేర్చుకుంటాయి. చలికాలం ఆరు నెలలూ వంటింటికీ బయటి తలుపుకూ మధ్య ఉన్న నడవాలో వీటికి నడక నేర్పాను. కేంద్రం మొత్తంలో పొడుగ్గానూ వెచ్చగానూ ఉన్న చోటు అదొక్కటే. మాకు వండిపెట్టే కుళ్లాయమ్మత్త పోపు ఘాటు, దానికి వచ్చే తుమ్ములు, అత్త చాదస్తాలు, బూట్ల చప్పుళ్లు, వీటి మధ్యే మా బడి సాగింది.

ఇక అసలు విషయం. ఇక్కడికి ఒక్క రోజు దారిలో అవ్వగుట్ట అనే మంచుగుట్ట ఉంది. నడుం వంగిన అవ్వ వీపులా ఉంటుంది. దాని మీద వినే మేకు దిగ్గొట్టాలి. మంచు లోపలి చప్పుళ్లను అది అన్ని కేంద్రాలకూ వినిపిస్తుంది. మేకు తయారు చేసింది నేను. ఏ చోట దిగ్గొట్టాలో లెక్కవేసింది నేను. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లే ఓడ వచ్చేలోగా దిగ్గొట్టేది కూడా నేనే కావాలి. ఎండకు మాడే ఊళ్లవాళ్లం, మంచు ఎంత కరుగుతోందో మాకంటే ఎవరికి ఎక్కువ కావాలి? పైగా ఈ మూడేళ్లలో నా కోసం వేరేవాళ్లు చేసిపెట్టిన పనులు చాలానే ఉన్నాయి. ఆ వరసలో ఇది చేరకూడదు.

మేడమ్ షరతు ఒక్కటే. "యంత్రం మీద నమ్మకం కుదిరితే నువ్వు. లేకపోతే ఓబులేసు వెళ్లి దిగ్గొట్టి వస్తాడు."

నమోదు 3

బయట తొలి నడక. ముందు, బయల్దేరే ముందటి సంత. కాలి వేళ్లు ఒక్కొక్కటీ అద్దంలో చూసుకోవాలి. చలి కొరికినా నాకు తెలియదు గనుక. మేజోళ్లలో ఉన్న తీగ వేళ్లు చల్లబడుతున్నాయని పసిగడితే నా ఎడమ భుజం మీద జిల్లుమనిపిస్తుంది, మరీ చల్లబడితే అక్కడున్న దీపం ఎర్రబడుతుంది. అంటే నా పాదాలు ఇప్పుడు భుజం మీద ఉన్నాయన్నమాట. మూత్రం గొట్టాన్ని ఒంటికి ఆనించి లోపలి చొక్కా కింది నుంచి పోనివ్వాలి, లేకపోతే గడ్డకడుతుంది. మొదటిసారి పైనుంచి పోనిచ్చాను. ఆ కథ మేడమ్‌కి తెలుసు, మిగతా లోకానికి అక్కర్లేదు.

వెనకాల పీటను తాడుతో కట్టుకున్నాం. పీట అంటే కూర్చుని రెండు పొట్టి కర్రలతో తోసుకునే మంచుబండి. ముందు భాగంలో పాదాలు దూర్చుకోవడానికి వెచ్చటి ఉన్ని సంచి ఉంటుంది. రాళ్ల మీద అది పనికిరాదు, అలిసినప్పుడు కూర్చోవడానికి మాత్రమే.

తలుపు తీశాం. ఓబులేసన్న ముందు, నేను వెనక. ఓబులేసన్న మా బండ్లు బాగుచేసే మేస్త్రీ, ధర్మవరం మనిషి, బయటికొస్తే నాకు తోడు. పట్టుమని పదడుగులు వేశానో లేదో తోడికాళ్లు మోకాళ్లు మడిచి నన్ను మంచు మీద చక్కగా కూర్చోబెట్టాయి. పడేయలేదు. పెళ్లిపందిట్లో పెద్దముత్తైదువను కూర్చోబెట్టినంత మర్యాదగా కూర్చోబెట్టాయి.

"ఏంది పాపా, అప్పుడే కూసుంటివి?"

"నేను కూర్చోలేదన్నా. అవి కూర్చున్నాయి."

"లెయ్యమను."

"చెప్తే వింటే కదా."

మోటార్లు బిగుసుకుని కదల్లేదు. అన్నం ఒక వాయి ఉడికేంత సేపు అలాగే ఉండి, ఏమీ జరగనట్టు లేచి నడిచాయి. ఈలోగా నా భుజం జిల్లుమంది. నడుస్తుంటేనే తోడికాళ్లు నా పాదాలను వెచ్చబరుస్తాయి. కూర్చుంటే వేడి ఆగిపోతుంది. కాబట్టి ఈ కూర్చోవడాలు నవ్వులాట కాదు.

అయినా నవ్వొచ్చింది. మర్యాద అన్న మాటను ఇన్నాళ్లూ మనుషులకే వాడాను.

నమోదు 6

నిన్న రెండుసార్లు కూర్చున్నాయి. ఇవాళ ఒకసారి. ఓబులేసన్న బ్యాటరీ మార్చాడు, కీళ్లలో నూనె మార్చాడు, ఆఖరికి తన అభిప్రాయం కూడా మార్చాడు. "నూనె తప్పు గాదు పాపా, దీనికి బద్దకం" అంటున్నాడు.

నేను మాత్రం ఒకటి గమనించాను. మేడమ్‌తో నడిచిన రోజు ఒక్కసారీ కూర్చోలేదు. ఒంటరిగా తలుపు దగ్గర తిరిగినప్పుడూ లేదు. ఓబులేసన్న పక్కనుంటేనే. ఇది అతనికి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చెప్పకపోతే శాస్త్రానికి ద్రోహమని చెప్పేశాను.

అతను చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టాడు. "అంటే నా మొగం సూస్తే నీ కాళ్లు కూలబడతాయా?"

"ముఖం కాదేమోనన్నా. వాసనేమో."

"నెలకు రెండు తూర్లు స్నానం జేసేటోన్ని ఈ కేంద్రంలో నేనొక్కన్నే!"

సాయంత్రం భోజనాల దగ్గర నాతో మాట్లాడలేదు. గోంగూర గిన్నె మాత్రం నా వైపే జరిపాడు. అలక అంటే ఇలా ఉండాలి.

మేడమ్‌కి ఈ కబురు చేరింది. "ఓడ వచ్చే వేళ దగ్గర పడుతోంది గ్రీష్మా. యంత్రాన్ని మొదటికి తిప్పేద్దాం, నేర్చుకున్నవన్నీ చెరిపేద్దాం" అన్నారు. చెరిపితే ఆరు నెలల నడకా పోతుంది. నా ఒరుగు, నా ఊపు అన్నీ మరిచిపోయి కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని నిలబడుతుంది. మళ్లీ నేర్పేలోగా ఓడ వస్తుంది, వెళ్తుంది కూడా. నాకు రెండు రోజులు గడువిచ్చారు.

నమోదు 8

దొరికింది! మేడమ్, ఇది మీరు తప్పక చదవాలి. నిలబడి చదవకండి.

పొద్దున తోడికాళ్లతో నడవాలో నిలబడి ఓబులేసన్నకు క్షమాపణ ఎలా చెప్పాలా అని పదాలు వెతుకుతున్నాను. వంటింట్లో కుళ్లాయమ్మత్త పప్పుకు పోపు పెడుతోంది. ఎండుమిర్చి మాడింది. ఆ ఘాటుకు బయటికి వెళ్లబోతున్న ఓబులేసన్న తలుపు దగ్గర ఒక్కసారి తుమ్మాడు.

"ఆగండి!" అత్త గరిటె పైకెత్తింది. "ఒంటి తుమ్ము. యాడికీ పోవద్దండి. కూసోండి, గుక్కెడు నీళ్లు తాగి కదలండి."

చలికాలమంతా రోజూ చూసిన తంతే కనుక ఎవరికీ వింతగా అనిపించలేదు. తలుపు దగ్గరున్న నలుగురూ గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చున్నారు. వాళ్లలో ఇద్దరు భౌతికశాస్త్రంలో డాక్టర్లు. తోడికాళ్లు కూడా మోకాళ్లు మడిచి నన్ను కూర్చోబెట్టాయి. అదే మర్యాద. అదే సేపు.

నా ఒళ్లు జల్లుమంది (భుజం కాదు, నిజంగా ఒళ్లు).

బయటికి అడుగు పెట్టగానే మంచు మీది ఎండ కొడితే ఓబులేసన్నకు తుమ్మొస్తుంది. ఎప్పుడూ వస్తుంది, ఒక్కటే వస్తుంది. మేడమ్‌కి రాదు, ఆవిడ నల్లద్దాలు నిద్రలో కూడా తియ్యరు. ఇన్ని నెలలుగా నేను నడక నేర్పుతున్నానని అనుకున్నాను. అవి శకునశాస్త్రం కూడా చదివేశాయి.

పరీక్ష పెట్టాలి కదా. అత్తను బతిమాలి ఇంకో నాలుగు మిరపకాయలు మాడ్పించాను. ఫలితాలు: ఒక్క తుమ్ముకు కూర్చున్నాయి. వెంటనే రెండో తుమ్ము పడితే లేచి నిలబడ్డాయి. దొంగతుమ్ముకు అసలు కదల్లేదు. నేను ఎంత కష్టపడి "హాఛ్" అన్నా పట్టించుకోలేదు, నటనలో నాకు భవిష్యత్తు లేదు.

"రెండో తుమ్ముకు ఎందుకు లేస్తాయి?" అని అడిగితే అత్త నా తెలివికి జాలిపడింది. "జంట తుమ్ము మంచిది గదే. ఆ మాత్రం నీ మిషనుకు తెలుసు, నీకు తెల్దు."

ఓబులేసన్న నా ఎదుటికొచ్చి ముక్కు తుడుచుకున్నాడు. "ఇంగ జెప్పు. వాసనా?"

రెండు చేతులూ జోడించాను. ఇంతకంటే మంచి పదం దొరకలేదు.

నమోదు 9

ఇవాళ పెద్ద పంచాయితీ. మేడమ్ అన్నారు, నేర్చుకున్నదాన్ని మరిపించాలంటే అందరూ తుమ్మినా ఆగకుండా నడిచి చూపించాలి, వారం రోజులు చాలు, అని. కుళ్లాయమ్మత్త గరిటె బల్ల మీద పెట్టింది. "తుమ్మినంక గడప దాటేటోల్లకు నేను కూడు ఒండను."

"ఇది శాస్త్రం, కుళ్లాయమ్మా."

"అదీ శాస్త్రమే మేడమ్. మీ శాస్త్రం కంటే పెద్దది, ముసిల్ది."

అన్నం లేకుండా వారం గడపడం మీద ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి అత్తే దారి చూపింది. మిషను కూర్చుంటే రెండో తుమ్ము తెప్పించండి, దోషం పోతుంది, అది లేస్తుంది. దానికని మిరియాలు మెత్తగా దంచి చిన్న గుడ్డసంచిలో పోసిచ్చింది.

మేడమ్ ప్రయాణ సామగ్రి జాబితాలో తాడు, గుడారం, మందుల పెట్టె కింద తన చేత్తోనే "మిరియాల పొడి, అత్యవసరం" అని రాశారు. "నేనూ వస్తున్నాను. నీ పాదాలు ప్రమాదంలో పడ్డాయని నాకనిపించిన మరుక్షణం నువ్వు వెనక్కి, మేకు ఓబులేసుకి. వాదన ఉండదు."

"ఉండదు మేడమ్."

"నీ ముఖంలో ఉంది."

నమోదు 11

ఇది అవ్వగుట్ట కింది గుడారంలో కూర్చుని రాస్తున్నాను.

దారంతా తోడికాళ్లు బంగారం. పీటను వెనక లాక్కుంటూ రాళ్లగుట్టలు దాటాం, ఒక్క అడుగూ తడబడలేదు. ఓబులేసన్న మేడమ్ ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, ముక్కుకు మూడు చుట్లు మఫ్లరు చుట్టుకుని, తుమ్ము అనే మాట కూడా అనకుండా నడిచాడు. రాళ్లు అయిపోయాక గట్టి మంచు వాలు మొదలైంది. పైన అవ్వ వీపు కనిపిస్తోంది. పిలిస్తే పలికేంత దూరం.

అప్పుడు మేడమ్ దారి సరిచూడటానికి అద్దాలు పైకి నెట్టారు. ఎండ ముఖాన కొట్టింది.

"హాఛ్!"

తోడికాళ్లు మోకాళ్లు మడిచాయి. నన్ను కూర్చోబెట్టాయి. పక్కకు చూద్దును కదా, మేడమ్ కూడా కూర్చుని ఉన్నారు.

"మేడమ్, మీరెందుకు కూర్చున్నారు?"

"బూటు లేసు కట్టుకుంటున్నాను."

"మీ బూట్లకు లేసులు లేవు మేడమ్."

(ఉన్నాయి. లోపల. — జమీలా)

ఓబులేసన్న మిరియాల సంచి తీశాడు. మేడమ్ ముక్కు దగ్గర పెట్టాడు. మేడమ్ పీల్చారు. ఏమీ లేదు. మళ్లీ పీల్చారు. కళ్లలో నీళ్లు వచ్చి రెప్పల మీదే గడ్డకట్టాయి గానీ తుమ్ము రాలేదు. చలికి ముక్కు మొద్దుబారిపోయింది. ఓబులేసన్న పీల్చాడు, నేనూ పీల్చాను. ముగ్గురం ముక్కులు పైకెత్తి ఆకాశం వైపు నోళ్లు తెరిచి కూర్చున్నాం. పక్షులు ఉంటే నవ్వేవి.

భుజం జిల్లుమంది. మళ్లీ మళ్లీ. కుడి పాదం, తర్వాత ఎడమది. గాలి లేస్తోంది.

మేడమ్ నా భుజం మీది దీపం ఎర్రగా మారడం చూశారు. "గ్రీష్మా. చాలు. నిన్ను పీట మీద కూర్చోబెట్టి కిందికి దించుతాం. ఓబులేసూ, మేకు తీసుకో."

వాదన ఉండదని మాటిచ్చాను. కాబట్టి వాదించలేదు. నడుము నుంచి మడమ దాకా బిగింపులు విప్పుకున్నాను. చేతుల మీద పీట మీదికి జరిగాను. పాదాలను చేత్తో ఎత్తి ఒక్కొక్కటే ఉన్ని సంచిలో దూర్చాను. మేడమ్ సంచి మూతి కట్టి, వేళ్లు తడిమి, తల ఊపారు. జిల్లుమనడం నెమ్మదించింది.

"పాదాలకు ఇప్పుడు ప్రమాదం లేదు కదా మేడమ్?"

"లేదు."

"అయితే మీ షరతు ప్రకారం నేను వెనక్కి వెళ్లక్కర్లేదు."

"పైకి వాలు ఉంది. చేతులతో ఎక్కలేవు."

"నేను గండికోట ఎక్కినదాన్ని. అప్పుడు కూడా చేతులతోనే ఎక్కాను, కాళ్లు ఊరికే తోడొచ్చాయి."

మేడమ్ అద్దాలు కిందికి దించుకున్నారు. ఓబులేసన్న మేకును నా ఒడిలో పెట్టాడు. "పో పాపా. ఆ కాళ్లు శకునం సూసుకుంటాండాయి. నువ్వు వాటి కోసరం ఆగాల్సిన పన్లేదు."

కర్రలు గుచ్చాను. తోశాను. చెయ్యంత పైకి, వేలంత కిందికి. మళ్లీ. భుజాలు మండాయి. ఒకచోట జారి, వచ్చిన దారిలో సగం వెనక్కొచ్చేశాను. వెనకనుంచి ఓబులేసన్న "అడ్డంగా పో, అడ్డంగా, ఎద్దు ఎక్కినట్ల!" అని అరిచాడు. ఎద్దులాగే వంకర్లు తిరుగుతూ ఎక్కాను. తిట్లు వచ్చినన్ని తిట్టాను. (అవి రాయట్లేదు. భాషాభిమానం వేరు, మేడమ్ చదవడం వేరు.)

అవ్వ వీపు చదునుగా ఉంది. ఎవరూ లేరు. మేకు నిలబెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. అది మంచులోకి దిగి, కుదురుకుని, పచ్చదీపం వెలిగించింది. కేంద్రంలో వంటింటి రేడియోతో సహా అన్ని చోట్లా ఇక ఇక్కడి చప్పుళ్లు వినిపిస్తాయి.

మేడమూ ఓబులేసన్నా ఎక్కి వచ్చారు. వాళ్ల వెనక, సేపు తీరిపోయిందేమో, తోడికాళ్లు లేచి, లోపల మనిషి లేకుండానే, నా ఒంటి మీద ఉండిపోయిన నడుం పట్టీ ఎక్కడుందో వెతుక్కుంటూ వాలెక్కి వస్తున్నాయి. కుడిది ముందు, ఎడమది అలిగి వెనక. నా పక్కకొచ్చి నిలబడ్డాయి.

మేకు చెవి పెట్టింది గానీ మేడమ్ చేతి రేడియోలో మంచు చప్పుడేమీ వినిపించడం లేదు. బూట్ల కిర్రు, తాళ్ల టపటప, మా ఆయాసం. మా రొదే మాకు తిరిగొస్తోంది.

అంతలో ఓబులేసన్న మఫ్లరు జారింది. పాపం పొద్దుట్నుంచీ ఆపుకున్నదంతా ఒక్కటై వచ్చింది. అవ్వగుట్ట నుంచి లోకమంతటికీ అందిన తొలి చప్పుడు ఒక తుమ్ము. ఒక్కటే తుమ్ము.

రేడియోలో కుళ్లాయమ్మత్త గొంతు ఖంగుమంది. "ఒంటి తుమ్ము! ఎవురూ కదలద్దండి!"

తోడికాళ్లు కూర్చున్నాయి. ఓబులేసన్న కూర్చున్నాడు. మేడమ్ ఒకసారి తన బూట్లకేసి చూసుకుని, ఈసారి లేసుల మాటెత్తకుండా కూర్చున్నారు. నేను ముందే కూర్చుని ఉన్నాను.

ఎవరూ కదల్లేదు. గాలి కూడా ఎందుకో ఆగింది. అప్పుడు వినిపించింది.

లోతుల్లోంచి, చాలా సన్నగా. మంచు కరిగేకొద్దీ అందులో చిక్కుకున్న గాలి బుడగలు ఒక్కొక్కటీ విడివడుతున్న చప్పుడు. కాసేపు ఆగుతుంది, మళ్లీ ఒక్కసారిగా మొదలవుతుంది.

"ఏం వినిపిస్తోంది? మాటల్లో చెప్పు, నమోదు చేయాలి" అని మేడమ్ గుసగుసలాడారు. నేను దాచిపెట్టుకున్న మంచి మంచి పదాలన్నీ వెతికాను. ఒక్కటీ సరిపోలేదు.

"చిటపట, మేడమ్. పోపు వేగుతున్నట్టుంది."

రేడియోలో అత్త గొంతు దగ్గరగా వచ్చింది. "ఏం పోపే? మినప్పప్పా, ఆవాలా?"

కళ్లు మూసుకుని మళ్లీ విన్నాను. "ఆవాలత్తా."

అటువైపు గరిటె బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఆవాలు చిటపటమన్నాయంటే నూనె కాగినట్లే గదే" అంది అత్త నెమ్మదిగా. "అయితే ఎవురో ఒకరు పొయ్యి తగ్గీయల్ల."

మేడమ్ ఆ మాటను అలాగే రాసుకున్నారు. తోడికాళ్లు లేచి నిలబడ్డాయి.